ఐఫోన్ అమెరికాలో తయారైతే ధర 1,500 డాలర్లా, 3,500 డాలర్లా?

క్లుప్తంగా: ఫోన్‌ను బిగించే పనిని అమెరికాకు తెస్తే ఒక్కో ఫోన్‌పై అదనంగా పడే కూలి 160 నుంచి 270 డాలర్ల వరకు ఉంటుందని అంచనాలు చెబుతున్నాయి. పెద్ద ఖర్చు అది కాదు. విడిభాగాల కంపెనీలు, అచ్చులు చేసే ఇంజినీర్లు, సీజన్‌కు వచ్చిపోయే లక్షల మంది కార్మికులు పక్కపక్కనే ఉండే ఏర్పాటు ఆసియాలో ఉంది, అమెరికాలో లేదు. దాన్ని కొత్తగా కట్టుకోవడానికయ్యే డబ్బు, పట్టే కాలమే అసలు ఖర్చు. అందుకే అమెరికా అధ్యక్షుడు హెచ్చరించిన 25 శాతం సుంకం కట్టేయడమే యాపిల్‌కు చవక.

2025 మే 23న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ యాపిల్‌కు ఒక హెచ్చరిక చేశారు. అమెరికాలో అమ్మే ఐఫోన్లు అమెరికాలోనే తయారవ్వాలి, భారత్‌లోనో మరోచోటో తయారైతే కనీసం 25 శాతం సుంకం తప్పదన్నారు. అప్పటికి నెలన్నర ముందు నుంచే రెండు అంకెలు చక్కర్లు కొడుతున్నాయి. అమెరికా కూలితో బిగిస్తే ధర 25 శాతం పెరగొచ్చని, అంటే 1,199 డాలర్ల ఫోన్ 1,500 దగ్గరికి చేరుతుందని బ్యాంక్ ఆఫ్ అమెరికా విశ్లేషకులు లెక్కగట్టారు. వెడ్‌బుష్ సంస్థ విశ్లేషకుడు డాన్ ఐవ్స్ ఏకంగా 3,500 డాలర్లు అన్నారు.

ఒకే ఫోన్‌కు రెండు వేల డాలర్ల తేడా ఏమిటని పాఠకులు తికమకపడటంలో ఆశ్చర్యం లేదు. అయితే ఇద్దరిలో ఒకరు తప్పు చెబుతున్నారనుకోనక్కర్లేదు. వాళ్లు జవాబు చెప్పిన ప్రశ్నలే వేరు. మొదటిది ఫోన్‌ను అమెరికాలో బిగించడం గురించి. రెండోది ఆ ఫోన్ లోపలి సామాను కూడా అక్కడే చేయడం గురించి.

## బిగించే కూలి ఎంత?

స్మార్ట్‌ఫోన్ ధరలో చివరి అసెంబ్లీ వాటా ఎప్పుడూ చిన్నదే. ఆసియా అభివృద్ధి బ్యాంకు అనుబంధ పరిశోధన సంస్థ 2010లో ఐఫోన్ 3జీ మీద ఒక అధ్యయనం ప్రచురించింది. ఫోన్ తయారీ ఖర్చు మొత్తం 178.96 డాలర్లయితే, చైనాలో దాన్ని బిగించినందుకు దక్కింది 6.50 డాలర్లు. మిగతాదంతా జపాన్, కొరియా, జర్మనీ, అమెరికా వంటి దేశాల కంపెనీల విడిభాగాల ఖరీదే. లెక్కల్లో మాత్రం ఆ 179 డాలర్లూ చైనా ఎగుమతిగా కనిపించేవి.

ఇప్పటి ఫోన్లలో సామాను పెరిగింది, బిగించడమూ కష్టమైంది. టెక్‌ఇన్‌సైట్స్ సంస్థ 2025లో వేసిన అంచనా ప్రకారం ఐఫోన్ 16 ప్రోలో సామాను ఖరీదు సుమారు 550 డాలర్లు. చైనాలో దాన్ని బిగించి, పరీక్షించి, డబ్బాలో పెట్టేందుకు ఇంకో 30. అదే పనికి అమెరికాలో 300 దాకా అవుతుందట. బ్యాంక్ ఆఫ్ అమెరికా లెక్కలో ఇదే తేడా 40 నుంచి 200 డాలర్లకు. రెండు అంచనాలూ కలవవు కానీ దిశ ఒకటే. కూలి ఐదింతలో పదింతలో అవుతుంది, అయినా అప్పట్లో 1,099 డాలర్లకు అమ్మిన ఆ ఫోన్ ఆ ఒక్క కారణంతో 1,400 దాటదు.

మరి 3,500 ఎక్కడి నుంచి వచ్చింది?

## ‘మేడ్ ఇన్ యూఎస్ఏ’ ముద్రకు రెండు కొలతలు

ఒక వస్తువు ఏ దేశానిదో తేల్చడానికి అమెరికాలో రెండు కొలతలున్నాయి. కస్టమ్స్ వాళ్లు వస్తువు ఆఖరుసారిగా గణనీయంగా రూపం మారింది ఎక్కడో చూస్తారు. చైనా విడిభాగాలతో తమిళనాడులో బిగించిన ఫోన్ భారత్ ఫోన్‌గా లెక్కకు రావడం ఈ కొలత వల్లే. వ్యాపార ప్రకటనల్లో నిజానిజాలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కొలత వేరు. డబ్బా మీద ‘మేడ్ ఇన్ యూఎస్ఏ’ అని నిస్సంకోచంగా రాసుకోవాలంటే వస్తువు మొత్తం, లేదా దాదాపు మొత్తం అమెరికాలోనే తయారై ఉండాలి.

ఈ రెండో కొలతకు నిలబడే ఆధునిక స్మార్ట్‌ఫోన్ ప్రస్తుతానికి అసాధ్యం. తెరలు ప్రధానంగా కొరియా నుంచి వస్తాయి. కెమెరా సెన్సార్లు జపాన్‌లో సోనీవి. ప్రాసెసర్ చిప్‌ను తయారుచేసేది తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ. స్పీకర్లో, వైబ్రేషన్ మోటారులో ఉండే అయస్కాంతాలకు కావాల్సిన అరుదైన ఖనిజాల శుద్ధిలో దాదాపు 90 శాతం చైనా చేతిలో ఉంది. ఫోన్లకు సరిపడే ఓలెడ్ తెరలను భారీ ఎత్తున చేసే ఫ్యాక్టరీ అమెరికాలో లేనే లేదు. డాన్ ఐవ్స్ 3,500 అన్నది ఈ గొలుసునంతా మళ్లీ కట్టాల్సి వస్తే అని. అందులో పదో వంతు తరలించడానికే మూడేళ్లు, 3,000 కోట్ల డాలర్లు కావాలని ఆయనే అన్నారు. కాబట్టి 3,500 అనేది రేపు షాపులో కనిపించే ధర కాదు, ఆ పని ఎంత భారమో చెప్పే అంకె.

ట్రంప్ కుటుంబ వ్యాపార సంస్థ పేరుతో 2025 జూన్‌లో ప్రకటించిన టీ1 ఫోన్‌కూ ఈ చిక్కే ఎదురైంది. 499 డాలర్లకు అమెరికాలో తయారైన ఫోన్ అని మొదట ప్రచారం చేశారు. కొన్నాళ్లకే వెబ్‌సైట్‌లో ఆ మాట పోయి, అమెరికా గర్వించే డిజైన్ అన్న అర్థం వచ్చే మాట చేరింది. డిజైన్‌కు ఏ కొలతా లేదు మరి.

## ఒక స్క్రూ ఆపేసిన కంప్యూటర్

ఈ గొలుసు లేకపోతే పని ఎలా ఉంటుందో చెప్పడానికి ఫోన్ దాకా కూడా వెళ్లనక్కర్లేదు. 2012 డిసెంబరులో యాపిల్ సీఈఓ టిమ్ కుక్ తమ మ్యాక్ కంప్యూటర్లలో ఒకదాన్ని అమెరికాలోనే చేస్తామన్నారు. 10 కోట్ల డాలర్లు కేటాయించి, టెక్సస్‌లోని ఆస్టిన్‌లో మ్యాక్ ప్రో అసెంబ్లీ పెట్టారు. అక్కడ పని నిలిచిపోయింది ఒక చిన్న స్క్రూ దగ్గర.

కావాల్సిన ప్రత్యేకమైన స్క్రూలు చేయగల స్థానిక వర్క్‌షాపులో ఇరవై మందే పనివాళ్లు. రోజుకు వెయ్యి స్క్రూలు దాటి చేయలేరు. న్యూయార్క్ టైమ్స్ 2019లో రాసిన కథనం ప్రకారం, టెక్సస్‌లోని మరో చిన్న కంపెనీకి 28,000 స్క్రూల ఆర్డర్ వచ్చింది. దాని యజమాని వాటిని కొంచెం కొంచెంగా తన సొంత కారులో 22 ట్రిప్పులు తిప్పి అందజేశారు. స్క్రూల కొరతకు ఇతర చిక్కులూ తోడై కంప్యూటర్ అమ్మకాలు నెలల తరబడి వెనకబడ్డాయి. చివరికి స్క్రూలు చైనా నుంచే తెప్పించారు.

ఆ యజమాని పనితనంలో లోపమేమీ లేదు. అంతకుముందు దశాబ్దాల్లో పెద్ద ఆర్డర్లన్నీ చైనాకు పోవడంతో, అలాంటి వర్క్‌షాపులు లక్షల్లో కాకుండా వందల్లో, వేలల్లో చేసే ఖరీదైన సరుకు వైపు మళ్లాయి. చైనాలో డిజైన్ సాయంత్రం మారితే స్క్రూ చేసే కంపెనీ రాత్రికి రాత్రి అచ్చు మార్చి, తెల్లారేసరికి నమూనా పంపగలదు. ఎందుకంటే అచ్చు చేసేవాడు పక్క వీధిలో ఉంటాడు, లోహానికి పూత పూసేవాడు దాని వెనక వీధిలో. ఈ దగ్గరితనానికి ఏ ఇన్‌వాయిస్‌లోనూ విడిగా ధర ఉండదు. మ్యాక్ ప్రో అమ్ముడైంది కొద్ది సంఖ్యలోనే. ఐఫోన్లు ఏడాదికి 20 కోట్లకు పైగా అమ్ముడవుతాయి, ఒక్కో ఫోన్‌లో వేల భాగాలు ఉంటాయి.

## మనుషుల లెక్క

యాపిల్ కోసం ఐఫోన్లు బిగించే తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్‌కు చైనాలోని ఝెంగ్‌ఝౌలో ఉన్న ఫ్యాక్టరీని జనం ఐఫోన్ నగరం అంటారు. సీజన్‌లో అక్కడ పనివాళ్ల సంఖ్య మూడు లక్షలు దాటిన సందర్భాలున్నాయి. కొత్త మోడల్ సెప్టెంబరులో వస్తుంది కాబట్టి వేసవిలో వేల మందిని బోనస్‌లు ఇచ్చి చేర్చుకుంటారు, సీజన్ అయ్యాక పంపేస్తారు. హాస్టళ్లు ఫ్యాక్టరీ పక్కనే ఉంటాయి. స్థానిక ప్రభుత్వం ఫ్యాక్టరీ, కార్మికుల ఇళ్ల నిర్మాణానికి 150 కోట్ల డాలర్లకు పైగా సాయం చేసిందనీ, కస్టమ్స్ ఆఫీసును ఫ్యాక్టరీ గేటు దగ్గరికే తెచ్చిందనీ న్యూయార్క్ టైమ్స్ 2016లో బయటపెట్టింది. చైనాలో తయారీ చవక అనేటప్పుడు ఈ సర్కారు సొమ్మును చాలామంది మర్చిపోతారు.

అమెరికాలో ఒకే ఊళ్లో మూడు లక్షల మందిని నాలుగు నెలలకు పనిలో పెట్టుకుని పంపేయడం వేతనం ఎంత పెంచినా జరిగే పని కాదు. అక్కడ అంతమంది జనాభా ఉంటేనే ఒక పెద్ద నగరం అంటారు.

కార్మికుల కంటే కొరతగా ఉన్నది మధ్య స్థాయి ఇంజినీర్లు. ఐఫోన్ లైన్ల మీద రెండు లక్షల మందిని నడిపించడానికి 8,700 మంది ఇండస్ట్రియల్ ఇంజినీర్లు కావాలని యాపిల్ ఒకప్పుడు అంచనా వేసింది. అమెరికాలో వాళ్లను వెతకడానికి తొమ్మిది నెలలు పడుతుందనుకుంటే, చైనాలో 15 రోజుల్లో దొరికారు. 2017లో గ్వాంగ్‌ఝౌ సదస్సులో టిమ్ కుక్ చెప్పిన పోలిక ఇప్పటికీ వినిపిస్తుంది: టూలింగ్ ఇంజినీర్లను, అంటే అచ్చులు, పనిముట్లు రూపొందించేవాళ్లను, సమావేశానికి పిలిస్తే అమెరికాలో ఒక గది నిండుతుందో లేదో, చైనాలో ఫుట్‌బాల్ మైదానాలు నిండుతాయి.

రోబోలు ఈ లోటు తీరుస్తాయన్నది మరో వాదన. చిన్న చిన్న స్క్రూలు బిగించే పని అమెరికాకు వస్తుందనీ, దాన్ని యంత్రాలు చేస్తాయనీ వాణిజ్య మంత్రి హోవార్డ్ లుట్నిక్ 2025 ఏప్రిల్‌లో అన్నారు. ఫాక్స్‌కాన్ అప్పటి అధినేత టెర్రీ గౌ 2011లోనే మూడేళ్లలో పది లక్షల రోబోలను పెడతామన్నారు. ఆ గడువు వెళ్లిపోయింది, లైన్ల మీద మనుషులు అలాగే ఉన్నారు. లోహపు చట్రం చెక్కడం, బోర్డు మీద చిప్పులు అతికించడం యంత్రాలు ఎప్పటి నుంచో చేస్తున్నాయి. మెత్తటి రిబ్బన్ కేబుల్‌ను వంచి, గోరంత సాకెట్‌లో నొక్కి, అది సరిగ్గా కూర్చుందో లేదో వేలితో పసిగట్టే పని మాత్రం ఇంకా మనిషిదే. పైగా మోడల్ ఏటా మారుతుంది. ఒక పని కోసం కోట్లు పోసి చేయించిన రోబో ఏడాదికే పాతబడితే, ఆ ఖర్చు రాబట్టుకునే వ్యవధి ఉండదు.

## ఒకసారి చేసి చూసిన పని

అమెరికాలో భారీ ఎత్తున స్మార్ట్‌ఫోన్ బిగించే ప్రయత్నం నిజంగానే జరిగింది. 2013లో, గూగుల్ చేతిలో ఉన్న మోటరోలా, మోటో ఎక్స్ ఫోన్ కోసం టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో ఒకప్పటి నోకియా ఫ్యాక్టరీని తెరిచింది. దాన్ని నడిపింది ఇతర కంపెనీల కోసం ఎలక్ట్రానిక్స్ బిగించే ఫ్లెక్స్‌ట్రానిక్స్. ఆలోచన తెలివైనదే. కొనేవాళ్లు వెనక రంగు, బటన్ల రంగు ఎంచుకుంటే, దగ్గర్లోనే బిగించి నాలుగు రోజుల్లో ఇంటికి పంపడం. కూలి ఎక్కువైనా వేగంతో దాన్ని పూడ్చుకోవచ్చన్నది లెక్క.

పనివాళ్లు 3,800 వరకు చేరారు. 2014 మే నాటికి 700 మందే మిగిలారు, ఆ నెలలోనే మూసివేత ప్రకటన వచ్చింది. ఫోన్ అనుకున్నంత అమ్ముడుపోలేదు. కూలి, రవాణా ఖర్చులు ఎక్కువయ్యాయని కంపెనీ చెప్పింది. రవాణా మాట వింతగా అనిపించొచ్చు కానీ, విడిభాగాలు ఆసియా నుంచే రావాలి. ఒక ఫోన్‌కు బదులు దాని ముక్కలన్నిటినీ విడివిడిగా ప్యాక్ చేసి సముద్రం దాటించాలి. ఒక్క ముక్క ఆలస్యమైనా లైన్ ఆగుతుంది.

చిన్న స్థాయిలో ఇంకో ఉదాహరణ ప్యూరిజం. ఈ కంపెనీ లిబ్రెమ్ 5 అనే ఫోన్‌ను చైనాలో చేయించి 799 డాలర్లకు అమ్మింది. దాదాపు అదే ఫోన్‌కు సర్క్యూట్ బోర్డును కాలిఫోర్నియాలో చేసి, లిబర్టీ ఫోన్ పేరుతో 1,999 డాలర్లకు పెట్టింది. తయారీ ఖర్చులో తేడా సుమారు వంద డాలర్లేనని కంపెనీ అంటోంది. మిగతా పదకొండు వందలు దేనికి? తక్కువ సంఖ్యలో చేయడం వల్ల పెట్టుబడి అంతా కొద్ది ఫోన్ల మీదే పడటం ఒకటి, ప్రతి భాగం ఎక్కడిదో తెలిసిన ఫోన్ కోసం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడే కొనుగోలుదారులు ఉండటం మరొకటి. అమెరికా ఫోన్ ఖరీదు ఇంత అని ఈ ధరను చూపించే వాళ్లు ఈ రెండో కారణాన్ని వదిలేస్తుంటారు.

## సుంకం ఎందుకు సరిపోవడం లేదు

25 శాతం సుంకం వినడానికి భారీగా ఉంటుంది. కానీ దాన్ని వేసేది షాపు ధర మీద కాదు, సరుకు దేశంలోకి దిగేటప్పుడు చూపే విలువ మీద. పైన చెప్పిన 580 డాలర్ల ఖర్చునే ఆ విలువ అనుకుంటే సుంకం 145 డాలర్లు. అమెరికాలో బిగిస్తే పెరిగే కూలి 160 నుంచి 270. ఫ్యాక్టరీ కట్టే ఖర్చు కలపకముందే లెక్క తేలిపోతోంది. సుంకం భరించడమే యాపిల్‌కు లాభమని విశ్లేషకుడు మింగ్-చీ కువో కూడా అప్పుడే అన్నారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఫోన్‌ను అమెరికాలో బిగించినా తెర, కెమెరా, బ్యాటరీ దిగుమతి చేసుకోవాల్సిందే. వాటి మీదా సుంకం వేస్తే, స్వదేశంలో బిగించినందుకే శిక్ష పడినట్టు అవుతుంది. ఆ సుంకాలు కలిపితే ధర 90 శాతం దాకా పెరగొచ్చని బ్యాంక్ ఆఫ్ అమెరికా అంచనా. 2019లో మ్యాక్ ప్రోకు సరిగ్గా ఈ పరిస్థితే వచ్చింది. చైనా భాగాల్లో కొన్నిటికి సుంకం మినహాయింపు దొరికాకే కొత్త మోడల్‌నూ ఆస్టిన్‌లో చేస్తామని యాపిల్ ప్రకటించింది.

కాలం విషయమూ అంతే. 2025 ఏప్రిల్ 2న ప్రకటించిన కొత్త సుంకాలతో చైనా సరుకుపై భారం 54 శాతానికి చేరింది. వారం తిరిగేసరికి అది 145 శాతం. ఏప్రిల్ 11న స్మార్ట్‌ఫోన్లకు అందులో చాలా భాగం మినహాయించారు. పది రోజుల్లో ఇన్నిసార్లు మారిన అంకెను నమ్ముకుని, కట్టడానికే మూడు నాలుగేళ్లు పట్టే ఫ్యాక్టరీకి డబ్బు పెట్టడం ఏ కంపెనీకైనా కష్టమే.

## భారత్, వియత్నాం అనుభవం

తయారీని తరలించడం అసాధ్యమేమీ కాదు. శాంసంగ్ 2009 ప్రాంతంలో వియత్నాంలో ఫోన్ల తయారీ మొదలుపెట్టి, 2019లో చైనాలోని చివరి ఫోన్ ఫ్యాక్టరీ మూసింది. పదేళ్లు పట్టింది, అదీ చైనా సరిహద్దు పక్కనే ఉన్న, కూలి ఇంకా తక్కువున్న దేశానికి.

భారత్ దారి సుంకం, ప్రోత్సాహకం రెండూ కలిసినది. ఫోన్లపై దిగుమతి సుంకం 2018లో 20 శాతానికి పెరిగింది. 2020 నుంచి పీఎల్ఐ (ఉత్పత్తితో ముడిపడిన ప్రోత్సాహకం) పథకం కింద అదనపు అమ్మకాలపై 4 నుంచి 6 శాతం ప్రభుత్వం చెల్లించింది. బెంగళూరులో తొలి ఐఫోన్ బిగించింది 2017లో. ఆ జూన్ త్రైమాసికంలో అమెరికాలో అమ్ముడయ్యే ఐఫోన్లలో ఎక్కువ భాగం భారత్ నుంచే వెళ్తాయని టిమ్ కుక్ చెప్పగలిగింది 2025 మేలో. మధ్యలో ఎనిమిదేళ్లు. అయినా విడిభాగాల్లో ఎక్కువ ఇప్పటికీ దిగుమతే. 2025 జులైలో ఫాక్స్‌కాన్ తన భారత్ ఫ్యాక్టరీల నుంచి 300 మందికి పైగా చైనా ఇంజినీర్లను వెనక్కి పిలిపించిందన్న వార్త పరిశ్రమలో కలవరం రేపడానికి కారణం అదే. యంత్రాలు వచ్చాయి, వాటిని సెట్ చేసే అనుభవం ఇంకా పూర్తిగా బదిలీ కాలేదు.

## అమెరికాకు వస్తున్నది ఏమిటి

ఫోన్ మొత్తంగా కాకపోయినా, కొన్ని ముక్కలు వస్తున్నాయి. కూలి వాటా తక్కువ, యంత్రాల వాటా ఎక్కువ ఉన్న ముక్కలే ముందు వస్తున్నాయి. టీఎస్ఎంసీ 2020లో అరిజోనాలో 1,200 కోట్ల డాలర్ల ఫ్యాక్టరీ అంది, 2025 మార్చికి ఆ ప్రణాళిక 16,500 కోట్లకు పెరిగింది. నిపుణులైన పనివాళ్లు దొరక్క ఉత్పత్తి వెనకబడిందని కంపెనీయే చెప్పింది. అమెరికాలో చిప్ చేయడానికి తైవాన్ కంటే 50 శాతం ఎక్కువవుతుందని దాని వ్యవస్థాపకుడు మోరిస్ చాంగ్ 2022లో అన్నారు. అయినా ఫోన్ ధరలో చిప్ వాటా పరిమితం కాబట్టి ఆ పెరుగుదలను యాపిల్ మోయగలదు. అంత సన్నటి పని తరలిపోగలిగి, స్క్రూ బిగించే పని తరలకపోవడం విడ్డూరంగా కనిపిస్తుంది కానీ, చిప్ ఫ్యాక్టరీకి కావాల్సింది కొన్ని వేల మంది, ఏళ్ల తరబడి మారని యంత్రాలు.

2025 జులైలో అరుదైన ఖనిజాల అయస్కాంతాల కోసం అమెరికా కంపెనీ ఎంపీ మెటీరియల్స్‌తో యాపిల్ 50 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆ ఫ్యాక్టరీ ఉన్నది మోటో ఎక్స్ లైన్ మూతపడిన ఫోర్ట్ వర్త్‌లోనే. ఆగస్టులో యాపిల్ అమెరికాలో నాలుగేళ్ల పెట్టుబడి హామీని 60,000 కోట్ల డాలర్లకు పెంచుతూ, ప్రపంచంలో అమ్మే ప్రతి ఐఫోన్ తెర మీది గాజు కెంటకీ రాష్ట్రంలోని హారడ్స్‌బర్గ్‌లో గాజు కంపెనీ కార్నింగ్ ఫ్యాక్టరీ నుంచే వస్తుందని ప్రకటించింది. అందుకు 250 కోట్ల డాలర్లు కేటాయించింది.

హారడ్స్‌బర్గ్ ఈ కథకు కొత్త కాదు. 2007లో తొలి ఐఫోన్ విడుదలకు కొద్ది వారాల ముందు ప్లాస్టిక్ తెర వద్దు, గాజే కావాలని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టినప్పుడు ఆ గాజు పోసిందీ ఇక్కడే. అప్పుడది చైనా ఫ్యాక్టరీకి చేరగానే హాస్టల్‌లో నిద్రపోతున్న 8,000 మందిని లేపి, తలా ఒక బిస్కెట్, కప్పు టీ ఇచ్చి అరగంటలో లైన్ మీద నిలబెట్టారని న్యూయార్క్ టైమ్స్ రాసింది. నాలుగు రోజుల్లో రోజుకు పది వేల ఫోన్లు తయారవడం మొదలైంది. ఇప్పటికీ దారి అదే. కెంటకీలో పోసిన గాజు ఆసియాకు వెళ్లి, అక్కడ ఫోన్‌కు అతుక్కుని, దిగుమతి సరుకుగా అమెరికా తీరానికి తిరిగొస్తుంది.